నీలం గీత కప్పు

అమ్మ సమాధి దగ్గర ఎవరో వంగి ఉండటం చూసి డెల్మర్ హోల్కమ్ ట్రక్కు తలుపు కూడా వెయ్యకుండా దిగాడు.

వంగి ఉన్నది ఒక నల్లజాతి ముసలాయన. టోపీ తీసి గడ్డిలో పెట్టుకున్నాడు. తలరాయి ముందు నీలం గీత ఉన్న పాత కాఫీ కప్పు ఉంచి, పడిపోకుండా చుట్టూ మట్టి ఎగదోస్తున్నాడు. కప్పు అడుగున చిల్లు.

పోయినేడు, ఊరంతా సమాధులకి పూలు పెట్టే రోజున, ఇదే చోట ఇదే గీతతో పగిలిన సాసర్ దొరికింది. కావాలనే ఎవరో అమ్మ మీద చెత్త పడేస్తున్నారని డెల్మర్ ఏడాదంతా ఉడికిపోయాడు. ఈసారి దొంగని పట్టాలనే ఆ పూల రోజుకి ముందురోజు పొద్దున్నే వచ్చాడు.

అసలే అతనికి మనసు మనసులో లేదు.

జనాభా లెక్కలు పేపర్లో పడ్డాయి. మిసిసిపీలో ఓ మూలనున్న కెల్బీ కౌంటీలో తెల్లవాళ్ళు మొదటిసారి సగం కంటే తక్కువయ్యారు. నల్లవాళ్ళు వాళ్ళని దాటేశారు. మిగిలిన కాసింతమందీ చాక్టా అనే ఆదివాసీ తెగవాళ్ళు. డెల్మర్ దాణా కొట్టు ముందు కూర్చునే వాళ్ళకి పొద్దస్తమానం ఇదే కబురు. లెక్క ఎక్కడో తప్పిందని డెల్మర్ వాదన. అతని గొంతే అందరికంటే పెద్దది.

అది చాలదన్నట్టు శ్మశానంలో ముళ్ళతీగ కంచె తీసేద్దామని నల్లవాళ్ళ చర్చివాళ్ళు అడుగుతున్నారు. తీగకి ఇవతల తెల్లవాళ్ళు, అవతల నల్లవాళ్ళు. తాతల నాటి నుంచీ అంతే. శ్మశానం కమిటీ పెద్ద డెల్మరే. నేల పైన లెక్క తారుమారైతే అయింది, నేల కింద మాత్రం కానివ్వనని అందరి ముందూ అనేశాడు.

అమ్మ సమాధి ఆ కంచె వారనే ఉంది. నాన్న పక్కన చోటుండగా ఆవిడెందుకో అక్కడే కావాలని పట్టుబట్టింది.

"ఏయ్ పెద్దాయనా, నీకిటువైపేం పని?"

ముసలాయన మోకాళ్ళు పట్టుకుని లేచాడు. పేరు ఆస్బరీ అనీ, పక్క కౌంటీలో పినోలా నుంచి వచ్చాననీ చెప్పాడు.

"ఆమె కాఫీ తాగిన కప్పండీ ఇది. మావైపు ఇలా చిల్లు కొట్టి పెడతాం. లేకపోతే పోయినవాళ్ళు ఇంట్లో మిగిలినవాళ్ళని కూడా పిలుచుకుపోతారంటారు."

"మా అమ్మ నీ ఇంట్లో కాఫీ తాగిందా? ఇంకెవరికైనా చెప్పు. ఇంతకీ ఎవర్ని పిలుచుకుపోతుందని నీ భయం?"

ముసలాయన అతని మొహంలోకి కాసేపు చూశాడు.

"ఒక్కడే ఉన్నాడండీ. వాడు చల్లగా ఉండాలి."

వాడెవడో డెల్మర్ అడగలేదు. కప్పు పీకి కంచె స్తంభానికేసి కొట్టాడు.

ఆస్బరీ పెంకులన్నీ టోపీలోకి ఏరుకుని, ఒట్టి తలతో కంచె దాటాడు. దాటాక ఒకసారి ఆగాడు.

"ఎండెక్కుతోందండీ. టోపీ పెట్టుకోండి" అని వెళ్ళిపోయాడు.

ఆ మాట డెల్మర్‌ని ఎండాకాలమంతా గుచ్చుతూనే ఉంది. తిట్టి ఉంటే తేలిగ్గా మర్చిపోయేవాడు.

పినోలా అనగానే ఇంకోటి గుర్తొచ్చింది. అమ్మ బతికున్నన్నాళ్ళూ గురువారం గురువారం జుట్టు చేయించుకోవటానికని పినోలా వెళ్ళేది. వెళ్ళిన జుట్టు వెళ్ళినట్టే తిరిగొచ్చేది. డెల్మర్ ఎన్నోసార్లు ఆటపట్టించాడు కూడా. అమ్మకి నా అన్నవాళ్ళు లేరు, అందరూ వరదలో పోయారని ఆవిడే చెప్పేది. ఒకరోజు నిద్రపట్టక లేచి ట్రక్కు తీసి పినోలా వైపు బయల్దేరాడు. వంతెన దాకా వెళ్ళి, ఏమని అడగాలో తెలియక తిరిగొచ్చేశాడు.

ఆకులు రాలే కాలంలో కంచెకి అవతల కొత్తగా గొయ్యి తవ్వారు. సరిగ్గా అమ్మకి ఎదురుగా, తీగకి ఆనుకుని.

కమిటీ పెద్ద హోదాలో డెల్మర్ గొడవకే వెళ్ళాడు. అప్పటికే మట్టి కప్పేసి అందరూ వెళ్ళిపోయారు. ఒక్క ముసలావిడ మాత్రం పూలు సర్దుతూ ఉంది.

ఎవరు పోయారని అడిగాడు. పినోలా ఆస్బరీ అంది.

డెల్మర్ గొంతులో గొడవ గొంతులోనే ఆగిపోయింది. "ఇంత స్థలం ఉండగా ఇలా కంచె మీదకి తవ్వటమేంటి?" అని మాత్రం అన్నాడు.

"ఆయన కోరికండీ. చెల్లెలి పక్కన పడుకుంటానన్నాడు."

డెల్మర్ అటువైపు చూశాడు. కొత్త సమాధి చుట్టూ గడ్డి తప్ప ఇంకో సమాధి లేదు.

"తల్లి పోతే ఆయనే ఎత్తుకుని పెంచాడు. మా పేటవాళ్ళందరిలోకీ తెల్లగా పుట్టిందా పిల్ల. వయసొచ్చాక కంచె దాటి, తెల్లదాన్నని చెప్పుకుని మీలో కలిసిపోయింది. ఆ పిల్ల కాపురం చెడకూడదని, ఎవరైనా నోరు జారితే ఊరుకునేవాడు కాదు. ఆయన కూడా చచ్చేదాకా నోరు విప్పలేదు."

డెల్మర్ తీగ పట్టుకున్నాడు. ముల్లు గుచ్చుకున్నా వదల్లేదు.

ఆవిడ సంచిలోంచి ఆస్బరీ కప్పు తీసింది. అడుగున చిల్లు, అంచున అదే నీలం గీత.

"ఇది రక్తం పంచుకున్నవాళ్ళే పెట్టాలండీ" అంది. తర్వాత అతన్ని నెమ్మదిగా చూస్తూ, "ఆయనకి మిగిలింది మేనల్లుడొక్కడే" అని తీగల మధ్య నుంచి కప్పు డెల్మర్ చేతికి అందించింది.