పొట్టి ఎర్రగులాబి

మగ్దలీనమ్మ పక్కింటి మాలకొండమ్మను జుట్టు పట్టి గోడకేసి కొట్టింది. మాలకొండమ్మ పెదవి చిట్లి నెత్తురు కారింది. చంకలో బిందె దొర్లిపోయింది. చేపలు కోసే కత్తి ఆమె మెడకానించింది మగ్దలీనమ్మ.

"నా గులాబి మొదట్లో ఏం పోసి చంపుతా ఉండావే?"

తన బిడ్డ చనిపోయిన ఏడు, సమాధి మీదికి పూలుంటాయని వాకిట్లో నాటిన గులాబి అది. మోకాలెత్తు లేదు గానీ గుత్తులు గుత్తులుగా పూసేది. ఇప్పుడు ఆకుల అంచులు మాడి, మొగ్గలు విచ్చకుండానే రాలిపోతున్నాయి.

"మంచినీళ్లక్కా. ఇసకదిబ్బ అవతల చెలమలోవి."

"అబద్ధం. చేపలు కడిగిన నీళ్లు నేను దినామూ పోస్తానే ఉండా. ఇంక నీ నీళ్లెందుకు?"

"తుపాను వచ్చినకాణ్ణించి పడవలు కదిలినాయా? నెలగా నువ్వు కడిగేది ఉప్పుచేపలే గదా."

మగ్దలీనమ్మ కత్తి ఇంకా నొక్కింది. "అట్టయితే నాకెందుకు చెప్పలా?"

"బిడ్డకని పోస్తా ఉంటివి. వద్దని ఎట్టా చెప్పేది?"

మగ్దలీనమ్మ జుట్టు వదిలి, వంగి, గులాబి మొదట్లో మట్టి చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంది. ఒట్టి ఉప్పు. కత్తి ఇసకలో పడింది.

మాలకొండమ్మ పెదవిని కొంగుతో అదుముకుంటా బిందె నిలబెట్టి, లోపలికి చూసింది.

"అడుగున చెంబుడుండాయి. నువ్వు పోస్తావా, నన్ను పొయ్యమంటావా?"