బొమ్మ రాని వీడియో

మణుగూరులో కంప్యూటర్లు బాగుచేసే అజారుద్దీన్‌ను సీతయ్య తన బండి మీద ఎక్కించుకొచ్చి, పినపాక అవతలున్న తమ ఊళ్లో సమ్మయ్య ఇంటి ముందు దించాడు.

"ఇగో సమ్మన్నా, డాక్టర్‌ను పట్టుకొచ్చిన. రేపు బడిల నీకు శాలువా కప్పేలోపల ఊరంతా బొమ్మ చూడాలె. బొమ్మ వస్తే శాలువా నేనే కప్పుత. రాకుంటే ఈ ఫ్లెక్సీ నేనే దించుత."

ఫ్లెక్సీ గోడంత ఉంది. దాని మీద బొగ్గుబాయి రిటైర్డ్ కార్మికుడు సమ్మయ్య మీసం తిప్పుతున్నాడు. పక్కన ఏ మంచుదేశం నుంచో తెచ్చి అతికించిన బొచ్చు ఎలుగుబంటి. కింద 'ఎలుగును ఎదిరించిన వీరుడు' అని ఎర్రటి అక్షరాలు.

సంగతేమిటంటే, రెండేళ్ల కిందట అడవి అంచున సమ్మయ్యకు ఎలుగు ఎదురుపడింది. ఫారెస్ట్ వాచర్ దేవ్లా ఇప్పచెట్టు మీది నుంచి ఫోన్లో వీడియో తీశాడు. బదిలీ అయి పోతూ పోతూ, "గుర్తుగా ఉంచుకో" అని సమ్మయ్య ఇంట్లో మనవరాలు హర్షిత వాడే కంప్యూటర్లో ఎక్కించి పోయాడు. రెండేళ్లూ సమ్మయ్య ఆ ఊసే ఎత్తలేదు. గొప్పలు చెప్పుకునే అలవాటు లేదట!

మొన్న ఎండాకాలం ఖమ్మం నుంచి సెలవులకు వచ్చిన హర్షిత కంప్యూటర్‌కు కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించింది. అప్పటి నుంచి ఆ వీడియోలో శబ్దం వస్తుంది, బొమ్మ రాదు. తెరంతా బొగ్గుబాయే. సరిగ్గా ఆ వారమే సమ్మయ్య నోరు విప్పాడు. ఊరంతటికీ వినిపించాడు. ఊరు చూడలేదు గనుక పూర్తిగా నమ్మింది. ఒక్క సీతయ్య తప్ప.

అజారుద్దీన్ వీడియో పెట్టాడు. నల్లటి తెర. గుర్రుమని ఎలుగు. ఖణేల్మని ఇనుప చప్పుడు. ఆ వెంటనే సమ్మయ్య గొంతు: "రావే! దమ్ముంటె రా! ముట్టుకో సూద్దాం!" చివర్లో ఎవరో ఊపిరాడక వెక్కుతున్నారు.

"ఆ ఇనుము చప్పుడేంది తాతా?" అడిగాడు అజారుద్దీన్.

"ముప్పై ఏండ్లు బాయిల చేసినోని చేతిల ఇనుము లేకుంటె ఎట్ల బిడ్డా?"

"ఆ వెక్కుడు?"

"దేవ్లా. పాపం పిరికోడు, చెట్టు మీద ఏడుస్తుండు."

వాకిట్లో చేరిన జనం చప్పట్లు కొట్టారు. సమ్మయ్యకు ఊపొచ్చింది.

"అది అటు, నేను ఇటు. నడుమ రెండు మూరలు. ఒక్క అడుగు ఎనక్కి ఎయ్యలే. మూడు గంటలు కండ్లల్ల కండ్లు పెట్టి సూసిన. ఆఖర్కి అదే ఇసుగొచ్చి ఎల్లిపోయింది. ఫారెస్టోళ్లు ఉరికొచ్చి, ఇంకోసారి గిట్ల చెయ్యకు పెద్దమనిషీ అని దండం పెట్టిండ్రు."

"వాళ్లు బోను పెట్టి, దాంట్ల పనసపండు పెట్టి నెలదినాలు కూసుంటె పడని ఎలుగు, నీకాడికి వచ్చి కూసున్నదా?" అన్నాడు సీతయ్య.

"పండుకు ఆశపడి బోనుల దూరుడానికి అదేమన్న పిచ్చిదారా?"

జనం మళ్లీ చప్పట్లు కొట్టారు.

అజారుద్దీన్ పనిలోకి దిగాడు. తన చేతిలో పడిన ఏ మిషనూ బాగుపడకుండా పోలేదని అతని నమ్మకం. పోయినవాటిని అతను గుర్తుపెట్టుకోడు. ముందు వేరే వీడియో పెట్టి చూశాడు. ఎవరిదో పెళ్లి బరాత్ రంగురంగులుగా ఆడింది. అంటే తెర మంచిదే. డిస్‌ప్లే డ్రైవర్ తీసేసి కొత్తది వేశాడు. నలుపే. ప్లేయర్ మార్చాడు. అదే నలుపు.

సమ్మయ్య భార్య సారక్క పళ్లెంలో పనస తొనలు తెచ్చిపెట్టింది. సమ్మయ్య ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"ఒకప్పుడు ఈ వాసన తగిలితె అడివిల ఎంత దూరమైన పోయేటోడు బిడ్డా. రెండేండ్లాయె, ముట్టుడే బంద్ చేసిండు. ఏమైందో చెప్పడు," అన్నది సారక్క.

"తిండి ముచ్చట ఇప్పుడెందుకే? ఇను బిడ్డా, శబ్దం సాలదా? బొమ్మతోని ఏం పని? మబ్బు గూడ పట్టింది. పిడుగు పడితె మిషన్ కాలుతది, మెయిన్ బంద్ చేస్త, ఆగు," అని లేచాడు సమ్మయ్య.

బయట ఎండ పెనంలా కాలుతోంది. ఇంత వీరుడికి ఎంత మొహమాటం అనుకున్నాడు అజారుద్దీన్. తన మొగుడి వీరత్వం ఎలాగైనా చూడాలని సారక్క స్విచ్ బోర్డుకు అడ్డంగా నిలబడింది.

ఆఖరికి రోగం దొరికింది. దేవ్లా ఫోన్ వీడియోను కొత్త పద్ధతిలో బాగా కుదించి దాచింది. దాన్ని విప్పి చూపించే కోడెక్ పాత సిస్టమ్‌లో ఉండేది, కొత్తదాంట్లో లేదు. దించుకోవాలంటే నెట్ కావాలి. ఆ ఊళ్లో సిగ్నల్ దొరికేది ఇళ్ల కప్పుల మీదే. సీతయ్య నిచ్చెన వేసుకొని పైకెక్కి, హాట్‌స్పాట్ పెట్టిన ఫోన్ పట్టుకున్న చెయ్యి ఆకాశానికెత్తి నిలబడ్డాడు. ఒకడి శాలువా ఆపడానికి ఇంకొకడు అంత ఎండ తిన్నది ఆ మండలంలో అదే మొదలు.

డెబ్బై శాతం. తొంభై. సమ్మయ్యకు దాహం వేసింది. నూరు.

"షాబాష్! బొమ్మొచ్చింది!" అని అరిచాడు అజారుద్దీన్.

జనం తెర మీదికి వంగారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సారక్క పనస పళ్లెం మెల్లగా మొగుడి ముందుకు జరిపింది.

"ఏమైందిరా, సప్పుడు లేదు? ఎలుగున్నదా, లేదా?" కప్పు మీది నుంచి సీతయ్య కేకేశాడు.

అజారుద్దీన్ లోపలి నుంచే బదులిచ్చాడు: "ఉన్నది మామా, ఎలుగు బయట కూసోని చూస్తున్నది... పనసతొన చేతిల పట్టుకొని బోనుల ఉన్నోడు తాత!"