గోడ మీద రెండో మనిషి

“అలా నిదానంగా గీస్తే ఎలాగే? బేగి గియ్యి! సెల్లి సచ్చిపోతాది!” గుమ్మంలో నిలబడి తండ్రి జగ్గారావు అరిచాడు.

నీలవేణి చేతిలోని వెదురుపుల్ల ఆగిపోయింది. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండి చుక్క ఒకటి జారి కిందిదాకా దిగింది. మూలన నులకమంచం మీద చిన్నది కుంతి. ఒళ్ళు కాలిపోతోంది. తల్లి తవిటమ్మ పాప నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూనే ఉంది.

సుందరరావు మాస్టారు లోపలికి వచ్చారు. బయట వాన దంచుతోంది. పంచె నుంచి నీళ్ళు కారుతున్నాయి.

“గుణుపూర్ ఆస్పత్రికి తీసుకెళ్ళలేదా జగ్గారావు గారూ?”

జగ్గారావు మొహం తిప్పలేదు.

“ఆస్పత్రి మందు కూడా కక్కీసింది నా తల్లి,” తవిటమ్మ గొణుక్కుంది.

జగ్గారావుకు కోపం ఇంకా తగ్గలేదన్నమాట, అనుకున్నారు మాస్టారు. ఆడపిల్లకి బొమ్మలేటని నీలవేణిని బడి మాన్పించిన మనిషి. వంశధార ఒడ్డున కనిపించినప్పుడు, ఆ పిల్ల చేతిలో విద్య ఉంది, పాడుచెయ్యకండని మాస్టారు బతిమాలారు. అప్పుడూ ఇలాగే, మొహం తిప్పకుండా నిలబడ్డాడు; మాస్టారే సైకిలెక్కి కదిలారు.

నీలవేణి మాత్రం చటుక్కున తలెత్తింది. “వొచ్చేరా మేస్టారూ!”

గోడవార సవర లక్ష్మణ కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. కొండ మీది ఇళ్ళలో పోయినవాళ్ళకు బొమ్మలు వేసే ముసలాయన. ఆ సంగతి మాస్టారుకు బడిపిల్లలే చెప్పారు. పోయినవాళ్ళకు చోటు దొరక్కపోతే పసివాళ్ళను పట్టుకుంటారట. గోడ మీద వాళ్ళకో ఇల్లు గీస్తే, వచ్చి చూసుకుని, ఏం తక్కువైందో చెబుతారట. అన్నీ కుదిరాకే వదులుతారట. ఎండాకాలంలో ఈ ఇంట్లో పోయిన సూర్యం తాతకు కాబోలు ఈ బొమ్మ, అనుకున్నారు మాస్టారు.

“ఆయన ఉండగా నువ్వెందుకు గీస్తున్నావు?”

“నా సెయ్యే కావాలంట మేస్టారూ. ఆయన గీస్తే పోయినోలు ఒప్పుకోరంట.”

మాస్టారుకు లోలోపల గర్వం కలిగింది. గోడ దగ్గరికి వెళ్ళి చూశారు. చదరపు ఇల్లు, అందులో గుర్రం మీద మనిషి.

“గుర్రమా ఇది? మేకకి కొయ్యకాళ్ళు కట్టినట్టుంది. రానిది ఎందుకు, అమ్మీ? సైకిలు గియ్యి.”

నీలవేణి లక్ష్మణతో సవర మాటల్లో ఏదో చెప్పింది. ముసలాయన తలాడించాడు. ఆమె తడిగుడ్డతో గుర్రాన్ని తుడిచేసింది.

“చక్రమంటే పెసరట్టు కాదు. పుల్లకి దారం కట్టు. రెండో కొస వేలితో నొక్కిపెట్టు. ఆఁ, ఇప్పుడు తిప్పు.”

చక్రం గుండ్రంగా వచ్చింది. మాస్టారు పాఠం ఎప్పుడూ అంతే. నల్లబల్ల మీద గీసి, చూసి దింపుకోమనరు. పిల్లల చేతుల్ని బంకమట్టిలో, పిండిలో ముంచేస్తారు. ఆయన పెట్టిన నియమం ఒక్కటే. చూసింది గియ్యాలి, చూడంది గియ్యకూడదు.

“సెమట పట్టింది! ఒల్లు సల్లబడతంది!” తవిటమ్మ కేక పెట్టింది.

“ఇంకేటి మేస్టారూ?”

“వానలో మనిషి ఒట్టి చేతుల్తో పోతాడా? గొడుగు పెట్టు.”

గొడుగు పూర్తవుతుండగా కుంతి కళ్ళు తెరిచింది. “అమ్మా, గెంజి,” అంది.

“కింద బోసిగా ఉంది, అమ్మీ. ఏరు గియ్యి. పుల్ల వద్దు. వేళ్ళు ముంచి, అడ్డంగా లాగెయ్యి.”

నీలవేణి నాలుగు వేళ్ళూ పిండిలో ముంచి లాగింది. గోడ మీద తెల్లగా ఏరు పారింది.

“ఏరెందుకే?” జగ్గారావు ఒక్క అంగలో వచ్చి అరచేత్తో దాన్ని తుడిచేశాడు.

మంచం మీద కుంతి విల్లులా వంగిపోయింది. పళ్ళు బిగుసుకున్నాయి.

“ఏటి సేసినావు? నా బిడ్డని సంపేస్తావా?” తవిటమ్మ లేచి మొగుణ్ణి గుమ్మం దాకా నెట్టేసింది. “నువ్వు గియ్యే, అమ్మీ! మల్లీ గియ్యి!”

నీలవేణి మళ్ళీ ఏరు లాగింది. పాప ఒళ్ళు సడలింది గాని, పళ్ళు విడలేదు.

“ఇంకొటి ఉంది. అడుగు,” అన్నాడు లక్ష్మణ వచ్చీరాని తెలుగులో.

“ఏటి తక్కువయ్యింది మేస్టారూ? బేగి సెప్పండి!”

మాస్టారు తరగతిలో లాగే రెండడుగులు వెనక్కి వేసి, ఒక కన్ను మూసి చూశారు.

“ఒడ్డు ఖాళీగా ఉంది. సైకిలు వెనక ఇంకో మనిషి ఉండాలి. చేతులు ముందుకి చాపి.”

నీలవేణి గబగబా గీసింది. నడుం దగ్గర కలిసే రెండు ముక్కోణాలు, కాళ్ళు, చాపిన చేతులు. తల దగ్గరికి వచ్చి పుల్ల ఆపేసింది.

“సూడంది గియ్యద్దన్నారు గదండి. నాను సూడనేదు. ఎవులండి ఈయన?”

గుమ్మంలో జగ్గారావు రెండు చేతులూ వీపు వెనక్కి దాచుకున్నాడు.

మాస్టారు తన పంచెకేసి చూసుకున్నారు. బయట వాన ఎప్పుడో ఆగిపోయింది. పంచె నుంచి నీళ్ళు ఇంకా కారుతూనే ఉన్నాయి.

“నన్ను ఏట్లోకి తోసింది మీ నాన్నే, అమ్మీ.”