పింఛను అద్దం

మూడు రోజులుగా కరెంటు లేదు. గోడకున్న పింఛను అద్దం నల్లగా పడి ఉంది. పింఛనుదారులంతా రోజూ పొద్దున పదిలోగా అందులో ముఖం చూపించాలి. వరసగా మూడు రోజులు చూపించకపోతే ఆ మనిషి పోయినట్టే లెక్క. లైన్‌మన్‌గా ముప్పై ఏళ్లు స్తంభాలెక్కి ఊరందరికీ కరెంటిచ్చిన ఓదెలుకు ఇవాళ మూడో రోజు. పదికి ఇంకా పావుగంటే ఉంది.

ఇంట్లో ఉన్నది ఒకటే బ్యాటరీ. అది భార్య బాలవ్వ ఊపిరి మిషనుకు తగిలించి ఉంది.

"తీసి అద్దానికి పెట్టయ్యా," అంది బాలవ్వ మంచం మీంచి. "పది నిమిషాలు ఎట్లనో ఓపుకుంట. పింఛను పోతే ఈ మిషన్ కిరాయి ఎవలు కడ్తరు?"

ఓదెలు వైర్లు మార్చాడు. అద్దం మెల్లగా వెలిగింది. అందులో అతని ముఖం, భుజం వెనక మంచం, మంచం మీద ఎగిరెగిరి పడుతున్న బాలవ్వ ఛాతీ కనిపించాయి.

"మీరు బతికే ఉన్నారని తెలియడానికి ఒకసారి కళ్లు ఆర్పండి," అంది అద్దం.

రెప్ప వేస్తే ఆ ఊపిరి ఎక్కడ ఆగిపోతుందోనని ఓదెలు అద్దంలో ఆమెనే చూస్తున్నాడు. అద్దం మళ్లీ చెప్పింది. మూడోసారీ చెప్పింది. అతనికి వినబడలేదు.

"జీవం కనిపించలేదు. మరణం నమోదైంది. మీ కుటుంబానికి మా సానుభూతి."

ఓదెలు గబగబా వైర్లు పీకి మిషనుకు తగిలించాడు. కాసేపటికి బాలవ్వ ఊపిరి కుదుటపడింది.

"అయిందా?" అంది.

"అయింది. నువ్వు పండుకో," అన్నాడు ఓదెలు.

అప్పుడుగాని అతను కళ్లార్పలేదు.