అతుకు పనికిరాదు

గోదావరిఖనిలో మెకానిక్ సదానందం షెడ్డు ముందు పాత కారు ఆవిర్లు కక్కుతూ ఆగింది. ఇంజనుకు నీళ్ళందించే ప్లాస్టిక్ డబ్బా నిలువునా పగిలింది.

"కొత్తది కరీంనగర్ నుంచి రావాలె సారూ. అప్పటిదాంక గమ్ముతోని అతుకేస్త."

కారు దిగిన బొగ్గుగని కాంట్రాక్టరు విశ్వేశ్వరరావు మండిపడ్డాడు. "బుద్ధుందా నీకు? వేడికి అతుకు ఊడితే ఇంజనే పోతుంది. ఒకసారి పగిలిన ప్లాస్టిక్‌ని ఎవడైనా నమ్ముతాడా?"

"నమ్మొద్దు సారూ."

సదానందం లోపలికెళ్ళి ఒక బస్తా తెచ్చి ఆయన కాళ్ళ ముందు కుమ్మరించాడు. అన్నీ పగిలిన హెల్మెట్లు. అతికిస్తే మళ్ళీ కూలీలకే ఇస్తానని విశ్వేశ్వరరావు పొద్దున పంపినవి.

"వీటిల మా తమ్మునిది గూడ ఉన్నది. రెండో షిఫ్టుకు వాడు బొగ్గుబాయి దిగాలె. ముందుగాల కొత్త టోపీలు రానియ్. నీ డబ్బా సంగతి తర్వాత చూద్దాం."