పద్నాలుగు టేపులు

“బటన్ నొక్కి హాయిగా కునుకు తీయొచ్చు. లేచేసరికి టేపంతా డిస్కులోకి ఎక్కేసి ఉంటుంది,” అన్నాడు షాపతను, వెండిరంగు పెట్టె మీద అరచెయ్యి వేసి.

“మధ్యలో టేపు నమిలేస్తే?” అంది ఆవిడ.

“నమలదు పిన్నిగారూ.”

“నమలదని నువ్వంటావు. ఆ సంగతి దానికి తెలియాలిగా.”

పక్కనున్నాయన ముందుకు వంగాడు. గడియారాలు బాగుచేసేటప్పుడు పెట్టుకునే భూతద్దం జేబులోంచి తీసి కంటికి బిగించుకున్నాడు. పెట్టె మూతి వేలితో తెరిచి లోపలికి తొంగిచూస్తున్నాడు.

“ఏమిటండీ ఆ చూడటం? దానికి పన్ను పీకుతారా?”

“టేపు చదివే హెడ్డు శుభ్రంగా ఉందో లేదోనని.”

గాజు బల్ల మీద మూడు పెట్టెలున్నాయి. మూడింటికీ ఒక పక్క టేపు దూర్చే నోరు, ఇంకో పక్క డిస్కు పెట్టే సొరుగు. ఆవిడ ఒళ్ళోని సంచీలో పద్నాలుగు వీడియో టేపులు. కూతురు బోర్లాపడ్డ రోజు నుంచి పదో తరగతి దాకా అంతా వాటిలోనే ఉంది. మూడు టేపుల అంచుల్లో అప్పుడే తెల్లటి బూజు పట్టింది. ఇంకో వానాకాలం గడిస్తే ఏమి మిగులుతుందోనని ఆవిడకు నిద్ర పట్టడం లేదు.

కూతురికి ఇప్పుడు అయిదో నెల. “నా పాప పుట్టేలోగా అవన్నీ డిస్కుల్లో కావాలి. ఇద్దరూ కలిసే వెళ్ళండి,” అని ఫోన్లో గట్టిగా చెప్పింది. “అమ్మ ఒక్కతే వెళితే ఏదీ కొనదు. నాన్న ఒక్కడే వెళితే మొదట కనపడిందే కొంటాడు.”

“అంత భయమైతే మాకిచ్చేయండి, వారంలో ఎక్కించి పెడతాం,” అన్నాడు షాపతను.

ఆవిడ సంచీని రెండు చేతులా పొదివి పట్టుకుంది. “పదహారు ఉండేవి నాయనా. ఒకటి ఇలాగే ఎవరికో ఇస్తే మరి తిరిగి రాలేదు.”

“మరి రెండోది?”

“ఈయన్నడుగు.”

ఆయన భూతద్దం తీశాడు. “పొరపాటైంది.”

“పిల్ల మొదటిసారి బడికెళ్ళిన టేపు. దానిమీద క్రికెట్ ఎక్కించారు!”

“ఆ మ్యాచ్ గెలిచాం,” అన్నాడాయన షాపతనితో, మెల్లగా.

“ఆ సాయంత్రమే కత్తెర తీసుకుని ప్రతి టేపు వెనకా ఉండే ప్లాస్టిక్ ముక్క విరిచేశాను.”

“మంచిపని చేశారు. అది విరిగితే ఇక చూడటమే, కొత్తగా ఏదీ ఎక్కదు.”

ఆవిడ కుట్టుపని చేసే మనిషి. మెడలోని కొలత టేపు తీసి పెట్టెలను వరసగా కొలిచింది. “పదిహేడున్నర. టీవీ కింద అరలో సరిగ్గా పడుతుంది.”

“ఆ అర ఇరవై ఉంటుందిగా,” అన్నాడాయన.

“అది పాత స్టాండు.”

ఆయన తలూపాడు. షాపతను నవ్వాడు. “ఇంట్లో ఏది ఎక్కడుందో మగాళ్ళకి ఎప్పుడు తెలిసింది బాబాయ్!”

అయిదో నంబరు టేపును వెండిరంగు పెట్టెలో పెట్టి చూశారు. కాసేపటికి బొమ్మ వణికింది, గీతలు పడ్డాయి, పెట్టె దానంతటదే ఆగిపోయింది. రెండోదీ అంతే. మూడోది నల్లది, బరువైనది. దాని ముందు ఓ చిన్న చక్రం ఉంది.

“వణికినప్పుడు దీన్ని తిప్పుతుంటే బొమ్మ కుదురుకుంటుంది. పాత టేపులకి ఇదే మేలు. కాకపోతే టేపు నడిచినంతసేపూ మనిషి దగ్గర కూర్చోవాలి,” అన్నాడు షాపతను.

ఆవిడ తిప్పింది. బొమ్మ పూర్తిగా పోయింది. “సూదిలో దారం ఎక్కించే చెయ్యే ఇది. అయినా లొంగట్లేదు చూడు.”

ఆయన చెయ్యి చాపి, రెండు వేళ్ళతో, వెంట్రుకవాసి తిప్పాడు.

గీతలు పోయాయి. మూడేళ్ళ పిల్ల తండ్రి చెప్పులేసుకుని తప్పటడుగులు వేస్తూ వస్తోంది. “ఇటు తల్లీ, ఇటు,” అని కెమెరా వెనక నుంచి మగ గొంతు. “పడుతుందండీ, పట్టుకోండి!” అంటూ పక్కనుంచి గాజుల చెయ్యొకటి సాగింది. పిల్ల పడలేదు. ఇద్దరూ ఒకేసారి నవ్వడం వినిపించింది.

షాపులో మాత్రం ఇద్దరూ నవ్వలేదు. బొమ్మ ఆగేదాకా కదల్లేదు కూడా.

“వెండిరంగుదే తీసుకో,” అన్నాడాయన చివరికి. “ఆగినచోటల్లా మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు.”

“ఆగినచోటల్లా కొంత పోతుంది.”

“నల్లదైతే ప్రతి టేపుకీ నేనుండాలి. ఒక్కోటీ మూడు గంటలు. పద్నాలుగు టేపులు.”

“లెక్కలు నాకూ వచ్చు.”

“నీకు ఇబ్బంది.”

షాపతను పకపకా నవ్వాడు. “ఇంట్లో కూర్చుని కన్నకూతుర్ని చూసుకోడానికి ఇబ్బందేంటి బాబాయ్!”

ఆవిడ టేపును జాకెట్టుగుడ్డ ముక్కలో చుట్టింది. విప్పి, మళ్ళీ చుట్టింది. సంచీ జిప్పు లాగింది.

“నల్లదే కట్టు నాయనా.”

బయట ఎండ తగ్గింది. ఆయన పెట్టెను రెండు చేతులా ఎత్తుకుని బస్టాపు వైపు నడిచాడు. “తిన్నగా పట్టుకోండి, ఒరిగిపోతోంది,” అని ఆవిడ రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ ఆయన తిన్నగానే పట్టుకున్నాడు.

బస్సు కనపడ్డాక అంది, “ఆదివారం తొమ్మిదికి మొదలుపెడదాం. వారానికి ఒక్కటే. తొందరపడితే టేపు తెగుతుంది.”

“ఒక్కటే,” అన్నాడాయన.

“తొమ్మిదంటే తొమ్మిదే. టిఫిను ఇంట్లోనే.”

విడాకులైన పదకొండేళ్ళలో ఆవిడ ఆయన్ని ఇంటికి రమ్మనడం అదే మొదటిసారి.