పోలి పిడికిలి

"నోరు తెరువు తల్లీ, ఒక్కసారి తెరువు."

చెంచమ్మ ఏడాది నిండని కూతురి నోట్లో వేలు పెట్టి వెతికింది. పోలి గుక్కపట్టి ఏడ్చింది. నోట్లో ఏమీ లేదు. పిల్ల చేతికి కట్టిన ఎర్రపూసల దారం అప్పుడే తెగింది. ఐదు పూసల్లో నాలుగు పొయ్యి దగ్గర, గింజల ముంత చుట్టూ దొరికాయి. ఐదోది మింగేసిందేమోనని చెంచమ్మ భయం.

"గొంతుకు అడ్డం పడుంటే ఇట్టా ఏడవగలదా?" అంది వాకిట్లో నిలబడిన రెబెకమ్మ. "కడుపులోకి పోయినా రేపో మాపో పడిపోతాది. భయపడబాక."

రెబెకమ్మ ప్రతి శనివారం గుడ్డసంచి పట్టుకుని ప్రార్థనకు వచ్చే ఇళ్లన్నీ తిరుగుతుంది. వంటకు గింజలు తీసినప్పుడల్లా దేవుడి పేరున ఒక పిడికెడు ముంతలో వేసి ఉంచాలి. వారానికొకసారి ఆమె వచ్చి తీసుకుపోతుంది. చెంచమ్మ తన పిడికిలి వేయదు. పోలి చెయ్యి గింజల్లో ముంచి, ఆ చిన్న గుప్పిట్లో ఎన్ని పడితే అన్నే ముంతలో వేయిస్తుంది. అది రెబెకమ్మకూ తెలుసు. ఎప్పుడూ ఏమీ అనలేదు.

చెంచమ్మ పిల్ల మీది నుంచి చూపు తిప్పకుండానే ముంతను సంచిలో బోర్లించింది.

కలువాయి పక్క అబ్రకం గని మూసేసి ఏడు నెలలైంది. యుద్ధం ఆగిపోయాక అబ్రకానికి గిరాకీ లేదని చెప్పి మేస్త్రీ అందరినీ పొమ్మన్నాడు. అక్కడ పనిచేసే చెంచమ్మ మొగుడు తిరుపాలు పెళ్లాన్నీ బిడ్డనూ తీసుకుని ఆత్మకూరు దగ్గరి ఈ పల్లెకు, చనిపోయిన మేనత్త గుడిసెలోకి వచ్చి చేరాడు. ఇక్కడ చెరువు ఎండి, చేపలు పట్టేవాళ్లే కూలికి తిరుగుతున్నారు. అతను దుత్తలూరు పోయాడు, ఉదయగిరి పోయాడు. పోయిన కాళ్లతోనే తిరిగొచ్చాడు. చెంచమ్మకు పాలు ఎండిపోయాయి.

ఒక మధ్యాహ్నం ఆమె పిల్లను చంకనేసుకుని మోటబావి గట్టు మీద చాలాసేపు కూర్చుంది. నీళ్లకు వచ్చిన రెబెకమ్మ కడవ దించి పక్కనే కూర్చుంది. కొంగుతో చెమట తుడుచుకుని, "మా దేవుడికి ఒక మాట చెప్పి చూడు" అంది.

"పని ఇప్పిస్తాడా?"

"అది నాకు తెలవదు బిడ్డా. వింటాడు, అంతే."

పని దొరికితే, చెరువుకు నీళ్లొచ్చిన రోజు బాప్తిస్మం తీసుకుంటానని చెంచమ్మ మొక్కుకుంది. పిడికెడు సంగతి విన్నప్పుడు మాత్రం ఒప్పుకోలేదు. తినడానికి లేని కొంపలో తీసి పెట్టేదేమిటని అడిగింది.

"నువ్వూ ఒకరికి పెట్టేదానివేనని మర్చిపోకుండా ఉండేదానికి" అంది రెబెకమ్మ.

"ఎవురికి పోతాయవ్వా ఈ గింజలు?"

"పల్లెలో అందరికన్నా లేనోళ్లకు. పేరు చెప్పం. చెబితే వాళ్లకు ముద్ద దిగదు."

వీధి చివర చూపులేని మస్తానమ్మకే అయి ఉంటుందని చెంచమ్మ అనుకుంది. తనకంటే లేని ఇల్లు ఒకటుందని తెలిసి ఆ రోజు ఎందుకో కొంచెం నిబ్బరంగా పడుకుంది. ఆ ఇంటి కోసం కూడా ప్రార్థన చేయసాగింది.

పక్షం తిరక్కుండా తిరుపాలుకు పని దొరికింది. ఆత్మకూరులో రత్తయ్య శెట్టి కొట్లో మూటలు మోసే పని. కూలి డబ్బుగా కాదు, సోమవారం సోమవారం గింజలు కొలుస్తాడు. కొట్టు ఊడ్చిన గింజలట. జొన్నా సజ్జా వరిగా అన్నీ కలిసి ఉండేవి. పల్లెలో సగం మంది కూలికని జలదంకి పక్కకు పోయిన వారం శెట్టి సగమే కొలిచాడు. అయినా పొయ్యి మాత్రం ఆరలేదు. ఒకసారి మొగుడి భుజానికి ఆముదం రాద్దామని చూస్తే ఎక్కడా కందలేదు. అలవాటు పడిందిలే అన్నాడు తిరుపాలు.

పూస పోయిన మరునాడు, ఆదివారం, ప్రార్థన గుడిలో చెంచమ్మ మొదటిసారి లేచి సాక్ష్యం చెప్పింది. మూడో తరగతితో బడి మానేసిన ఆమెకు నలుగురిలో మాట్లాడటం రాదు. దేవుడు తన మొగుడికి పని చూపించాడని, పిల్ల రెండు పూటలా గంజి తాగుతోందని చెప్పింది. "ఈ పిడికెడు గింజలు ఏ ఇంటికి పోతా ఉండాయో, ఆ ఇంటాయనకు కూడా పని దొరకాలని రోజూ అడగతా ఉండాను" అని కూర్చుంది.

జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ప్రార్థన నడిపే అయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. రెబెకమ్మ ఒక్కతే నెమ్మదిగా ఆమెన్ అంది. తానేదో తప్పు మాట్లాడినట్టు అనిపించి చెంచమ్మ తల ఎత్తలేదు.

సోమవారం పొద్దు గుంకకముందే తిరుపాలు గింజల మూట తెచ్చి దించాడు. పిల్ల ఎట్లా ఉందని అడిగాడు. ఇంకా పూస పడలేదని, రెండు రోజులుగా చూస్తూనే ఉన్నానని చెంచమ్మ చెప్పింది. తర్వాత చేట తీసుకుంటూ, రేపు కొట్టుకు వచ్చి శెట్టికి ఒక దండం పెట్టి పోతానంది.

"వద్దులే. ఆడోళ్లు కొట్టుకాడికి వస్తే ఆయనకు గిట్టదు."

"పోనీ ఆదివారం గుడికన్నా రా. దేవుడు మనకు పని చూపించినాడు, ఒక్కసారి మోకాళ్లూనితే ఏం పోతాది? నేను ఆ లేనోళ్ల కోసం కూడా మొక్కుకుంటా ఉండాను."

"ఆ లేనోళ్లు ఎవురో నీకు తెలుసునా?"

"తెలవదు. మస్తానమ్మ అనుకున్నాను, ఆమెకు కూతురు డబ్బు పంపిస్తా ఉండాదంట. ఎవురైతే ఏం, పాపం. మొగోడు సరైనోడైతే ఆడదానికి ఆ గతి పట్టదు."

తిరుపాలు తుండుగుడ్డ దులుపుకుని వాకిట్లోకి పోయి, ఆమెకు వీపు పెట్టి కూర్చున్నాడు.

చెంచమ్మ మూట విప్పి, గింజలు చేటలో పోసి చెరిగింది. దుమ్మూ పొట్టూ ఎగిరిపోయాయి. రాళ్లు ఏరడానికి చేటను వెలుగుకు వంచింది.

గింజల నడుమ ఎర్రపూస ఉంది.